వరుస తప్పని చక్రాలు: బెల్టు, పుల్లీల అమరిక చరిత్ర

పాత కారు ఇంజను ముందు భాగాన క్రాంకుషాఫ్టు కొసకు బిగించిన పుల్లీ ఒకటి, దానికి పైన నీటి పంపునూ ఫ్యానునూ తిప్పే పుల్లీ ఒకటి, పక్కన విద్యుత్తు పుట్టించే డైనమో పుల్లీ ఒకటి ఉంటాయి. ఈ మూడింటినీ చుట్టి తిరిగే రబ్బరు పట్టీని మోటారు పనివారు ఫ్యాన్ బెల్టు అంటారు. మూడు పుల్లీల గాడులూ ఒకే తలంలో ఉన్నప్పుడు, అంటే ప్రతి గాడి నడిమి గీతా ఒకే నిలువు చదునుకు వచ్చినప్పుడు, బెల్టు చప్పుడు లేకుండా ఏళ్ల తరబడి తిరుగుతుంది. వాటిలో ఒక్కటి నాలుగైదు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిగినా, కాస్త పక్కకు ఒరిగినా, బెల్టు గాడిలోకి ఏటవాలుగా దిగి కీచుమంటుంది, ఒక అంచు అరిగి నల్లని పొడి రాలుస్తుంది, లోపం ముదిరితే గాడిలోనే తిరగబడి జారిపోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడం గంటా రెండు గంటల పని. అయితే దాని వెనుక ఉన్న సూత్రం మోటారు కారుకంటే చాలా పాతది, మిల్లులలోనూ కార్ఖానాలలోనూ తరతరాల పనివారి చేతుల మీదుగా కారులోకి వచ్చింది. ఆ ప్రయాణాన్ని పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: బెల్టు ఎంత సమర్థమైతే వరుస తప్పడాన్ని అంత తక్కువగా సహించింది, తక్కువ చోటులో ఎక్కువ బలాన్ని మోయగల ప్రతి కొత్త బెల్టూ దానిని అమర్చే మనిషి నుంచి మరింత నికరమైన పనిని కోరింది.

ఒక చక్రపు తిరుగుడును మరో చక్రానికి తాడుతో అందించడం ప్రాచీనమైన ఉపాయం. చైనాలో క్రీస్తుపూర్వం మొదటి శతాబ్ది చివరి భాగానికి చెందిన యాంగ్ షియోంగ్ గ్రంథంలో నూలు చుట్టే యంత్రం ప్రస్తావన ఉందనీ, అది బెల్టు చాలనానికి తొలి లిఖిత సాక్ష్యాలలో ఒకటనీ సాంకేతిక చరిత్రకారులు గుర్తించారు. భారతదేశంలో ఇంటింటా తిరిగిన రాట్నం కూడా ఇదే జాతికి చెందిన యంత్రం. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి దాని తాడు చిన్నదైన కదురును ఎన్నో చుట్లు తిప్పుతుంది. కదురును పట్టి ఉంచే గుంజలు పక్కకు ఒరిగితే తాడు చక్రం మీద నిలవదు గనుక, రాట్నం చేసిన వడ్రంగికీ దాని ముందు కూర్చున్న నూలుకత్తెకూ పుల్లీ అన్న మాట తెలియకపోయినా పుల్లీ వరుస తెలుసు. అయితే రాట్నంలో తాడు మోసే బలం స్వల్పం, వేగం మనిషి చేతి వేగం. అందువల్ల అక్కడ వరుస తప్పితే జరిగే నష్టమూ స్వల్పమే.

బెల్టు భారీ బలాన్ని మోయడం 19వ శతాబ్దిలో మొదలైంది. అంతకుముందు నీటిచక్రం నుంచి మిల్లు అంతస్తులకు శక్తిని చేరవేయడానికి పళ్లచక్రాలనూ బరువైన ఇనుప కడ్డీలనూ వాడేవారు. 1828లో అమెరికాలోని లోవెల్ పట్టణంలో పాల్ మూడీ ఆపిల్టన్ మిల్లుకు పళ్లచక్రాల బదులు వెడల్పైన తోలు బెల్టులను అమర్చాడు. తోలు బెల్టు చప్పుడును తగ్గించింది, అకస్మాత్తుగా పడే భారాన్ని కాస్త జారి ఓర్చుకుంది, తెగినా సులువుగా కుట్టుకోవడానికి వీలిచ్చింది. ఈ పద్ధతి వ్యాపించిన తరువాత కార్ఖానా పైకప్పు కింద పొడవునా ఒక కడ్డీ తిరుగుతూ ఉండడం, దాని మీది పుల్లీల నుంచి ఒక్కో యంత్రానికి ఒక్కో బెల్టు దిగడం యంత్రశాలల సాధారణ దృశ్యమైంది. ఈ కడ్డీని లైన్ షాఫ్టు అన్నారు. దానిని ఒకే వరుసలో నిలిపి ఉంచడం ప్రత్యేకమైన వృత్తిగా ఎదిగింది: బేరింగుల కింద ఎక్కడ అరుగుదల వచ్చిందో, భవనం గోడ ఎక్కడ కుంగిందో కనిపెట్టి, సాగదీసిన దారంతోనూ మట్టపలకతోనూ కడ్డీని తిరిగి తిన్నగా నిలపడం ఆ వృత్తి సారం.

బల్లపరుపు బెల్టుకు వరుస సమస్యను యంత్రశిల్పులు రెండు విధాలుగా ఎదుర్కొన్నారు. మొదటిది పుల్లీ ముఖాన్ని అంచుల కంటే నడిమిన కొద్దిగా ఉబ్బెత్తుగా చేయడం. తిరుగుతున్న బల్లపరుపు బెల్టు పుల్లీ మీద ఎక్కువ వ్యాసం ఉన్న చోటికి తనంతట తాను ఎక్కుతుంది. అందుచేత ఉబ్బెత్తు పుల్లీ మీద బెల్టు కాస్త పక్కకు జరిగినా మళ్లీ నడిమికే వచ్చి నిలుస్తుంది. రెండవది అనుభవం నుంచి తేలిన నియమం: పుల్లీ మీదికి వచ్చే బెల్టు ఆ పుల్లీ నడిమి తలంలోనే రావాలి, విడిచి వెళ్లేటప్పుడు ఏ కోణంలో వెళ్లినా ఫరవాలేదు. ఈ నియమాన్ని ఆధారం చేసుకొనే ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు కడ్డీల మధ్య కూడా బెల్టును పావుచుట్టు మెలితిప్పి నడిపించగలిగారు. అయితే అటువంటి అమరిక ఒక్క దిశలోనే పనిచేస్తుంది. యంత్రాన్ని వెనక్కి తిప్పిన మరుక్షణం బెల్టు ఊడి పడుతుంది, ఎందుకంటే అప్పటివరకూ విడిచి వెళ్తున్న వైపు వచ్చి చేరే వైపుగా మారి నియమం తప్పుతుంది. బెల్టు ఊడడానికి కారణాన్ని అది చేరే వైపున వెదకాలన్న పనివారి జ్ఞానానికి మూలం ఇక్కడే ఉంది.

శాస్త్రం అంతకు ముందే ఈ విషయాన్ని లెక్క కట్టింది. 18వ శతాబ్దిలో లియోనార్డ్ ఆయిలర్ ప్రతిపాదించి, 19వ శతాబ్ది తొలినాళ్లలో జర్మన్ ఇంజనీరు ఐటెల్‌వైన్ ఆచరణకు అన్వయించిన సూత్రం ప్రకారం, పుల్లీని బెల్టు ఎంత మేర చుట్టుకుంటే పట్టు అంత కంటే వేగంగా, గుణశ్రేణిలో పెరుగుతుంది. బెల్టు రెండు వైపులా ఉండే బిగువుల నిష్పత్తి రాపిడి గుణకం మీదా చుట్టుకున్న కోణం మీదా ఆధారపడుతుందే గాని పుల్లీ పరిమాణం మీద కాదు. అయితే ఈ లెక్క మొత్తం బెల్టు ఒకే తలంలో నడుస్తోందన్న ఊహ మీద నిలబడింది. సమీకరణం సిద్ధంగా ఉన్నదనుకున్న ఆ తలాన్ని యంత్రశాలలో నిజంగా సిద్ధం చేయవలసిన బాధ్యత మాత్రం పనివానిది.

తెలుగు నేల మీద ఈ బెల్టు యుగం ఎక్కువగా వరి మిల్లుల రూపంలో కనిపించింది. 19వ శతాబ్ది మధ్యలో గోదావరి మీద ధవళేశ్వరం వద్ద, కృష్ణ మీద బెజవాడ వద్ద ఆనకట్టలు వెలసి డెల్టాలలో వరి సాగు విస్తరించిన తరువాత, 20వ శతాబ్దిలో ఆయిల్ ఇంజన్లతో నడిచే మిల్లులు ఊరూరా పుట్టాయి. ఇంజను పెద్దచక్రం నుంచి వెడల్పాటి బెల్టు కడ్డీకి, కడ్డీ నుంచి వేర్వేరు బెల్టులు హల్లరుకూ జల్లెడకూ వెళ్లేవి. పిండిమరలలోనూ చెరకు గానుగలలోనూ ఇదే అమరిక చిన్న స్థాయిలో ఉండేది. ఆ బెల్టులు ప్రాణాలు తీయగలవి కూడా. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తిరిగే భాగాలకు కంచె ఉండాలని శాసించడమే కాక, వాడకంలో లేని బెల్టును తిరుగుతున్న కడ్డీ మీద వదిలేయరాదని విడిగా చెప్పవలసి వచ్చిందంటే, అటువంటి ప్రమాదాలు ఎంత తరచుగా జరిగేవో ఊహించవచ్చు. బెల్టు ఊడకుండా చూసుకోవడం మిల్లులో ఉత్పత్తికే కాక మనిషి ఒంటికి కూడా రక్షణ. ఈ మిల్లుల వద్ద ఇంజన్లు బాగుచేస్తూ చేయి తిరిగిన పనితనమే మోటారు బండ్ల మరమ్మతుకూ అక్కరకు వచ్చింది. దారం పట్టి చూడడం రెండు చోట్లా ఒకటే.

మోటారు కారు కూడా బెల్టుతోనే పుట్టింది. 1886 జనవరి 29న కార్ల్ బెంజ్ పేటెంటు కోరిన మూడు చక్రాల బండిలో ఇంజను బలం మొదట తోలు బెల్టు ద్వారా ఒక అడ్డకడ్డీకి చేరి, అక్కడి నుంచి గొలుసుల ద్వారా వెనుక చక్రాలకు వెళ్లేది. ఆ అడ్డకడ్డీ మీద ఒకటి వదులుగానూ ఒకటి బిగుతుగానూ ఉన్న పుల్లీల మధ్య బెల్టును పక్కకు నెట్టడమే క్లచ్చు పని చేసింది. ఈ ఉపాయం కార్ఖానాలలోని లైన్ షాఫ్టు నుంచి నేరుగా తీసుకున్నదే. చక్రాలను తిప్పే బరువైన బాధ్యత త్వరలోనే బెల్టు నుంచి పళ్లచక్రాలకు మారిపోయి, కారులో బెల్టుకు మిగిలినది ఇంజను చల్లదనాన్ని కాపాడే ఫ్యానును తిప్పడం. 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కారులో ఫ్యానును బల్లపరుపు బెల్టే తిప్పేది. దాని మీద భారం తక్కువ. కాస్త జారినా, కాస్త పక్కకు నడిచినా ఇంజనుకు వెంటనే ముప్పు వచ్చేది కాదు.

ఇంజన్ల బలం పెరిగే కొద్దీ ఆ సహనం సరిపోలేదు. 1917లో అమెరికాలోని డెన్వర్ నగరంలో జాన్ గేట్స్ రబ్బరు, బట్ట కలిపి చేసిన వి-బెల్టును రూపొందించాడు. దీని అడ్డకోత పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. ఇది పుల్లీ అడుగును తాకకుండా గాడి రెండు పక్క గోడల మధ్య ఇరుక్కుని బలాన్ని పట్టుకుంటుంది. కర్రను చీల్చడానికి కొట్టే మేకు చెక్కలో బిగుసుకున్నట్టే, సుమారు 40 డిగ్రీల కోణం గల ఈ పట్టీ అదే లాగుడుకు బల్లపరుపు బెల్టు కంటే దాదాపు మూడు రెట్ల పక్క ఒత్తిడిని పుట్టిస్తుంది. అందువల్ల సన్నని పట్టీతో, చిన్న పుల్లీలతో, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న కడ్డీల మధ్య గట్టి చాలనం సాధ్యమైంది. లాంకషైరు మిల్లులలో 19వ శతాబ్ది ద్వితీయార్ధం నుంచీ గాడుల పుల్లీల మీద నూలు తాళ్లను నడిపిన అనుభవం ఇలా కొత్త పదార్థంతో చిన్న రూపంలో కారులోకి వచ్చినట్లయింది.

వి-బెల్టు రాకతో వరుస సమస్య స్వభావమే మారింది. బల్లపరుపు బెల్టుకు ఉబ్బెత్తు పుల్లీ దారి చూపేది. వి-బెల్టు విషయంలో గాడి గోడలు బెల్టును పట్టుకుని ఉంటాయి గనుక, వరుస తప్పినా అది పక్కకు తప్పుకోలేదు. తప్పుకోలేని చోట పుట్టే ప్రతి ఒత్తిడినీ రాపిడిగా అనుభవిస్తుంది. పుల్లీలోకి దిగేటప్పుడూ పైకి లేచేటప్పుడూ ఒక గోడను ఒరుసుకుంటూ వేడెక్కుతుంది, లోపలి నూలు పోగులు ఒక పక్క ఎక్కువ లాగబడి అలసిపోతాయి, ఆ లాగుడు బేరింగుకు చేరి దానినీ అరగదీస్తుంది. బెల్టు తయారీదారులు వి-బెల్టుకు సాధారణంగా అనుమతించే హద్దు అర డిగ్రీ. రెండు పుల్లీల మధ్య దూరం 300 మిల్లీమీటర్లు ఉంటే అది సుమారు రెండున్నర మిల్లీమీటర్ల తేడాకు సమానం. మిల్లు బెల్టు వేలి మందం తప్పును ఓర్చుకున్న చోట కారు బెల్టు చేతి గోరు మందాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆ తరువాతి దశాబ్దాలలో ఇంజను ముందు భాగం క్రమంగా నిండిపోయింది. ప్యాకార్డ్ సంస్థ 1940 మోడల్ కార్లలో శీతలీకరణ యంత్రాన్ని ప్రవేశపెట్టినప్పుడు దాని కంప్రెసరుకు క్లచ్చు లేదు. చలికాలంలో దానిని ఆపాలంటే ఇంజను ఆపి బెల్టును చేతితో విప్పడమే దారి. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగ్ పంపు చేరింది. 1960లో ఆ సంస్థే వాలియంట్ కారుకు డైనమో బదులు ఆల్టర్నేటరును అమర్చింది. డైనమో తిరిగే భాగంలో పుట్టిన విద్యుత్తును కమ్యుటేటరు అనే రాగి ముక్కల వలయం ద్వారా ఏకదిశ విద్యుత్తుగా బయటికి తెస్తుంది, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. ఆల్టర్నేటరు నిలకడగా ఉన్న తీగచుట్టలలో విద్యుత్తును పుట్టించి సిలికాన్ డయోడ్ల ద్వారా ఏకదిశగా మార్చుతుంది, తక్కువ వేగంలోనూ బ్యాటరీని నింపుతుంది. అదనపు విద్యుత్తు ఊరికే రాదు. దాని భారమంతా బెల్టు మీదే పడుతుంది. బిగువు పెరిగినకొద్దీ వరుసలోని చిన్న తప్పు కూడా పెద్ద అరుగుదలగా బయటపడింది.

భారతదేశంలో ఈ మార్పు పాత కార్ల మీద ఒక విశిష్ట రూపంలో జరిగింది. 1942లో బిర్లా కుటుంబం గుజరాత్ తీరంలోని ఓఖాలో నెలకొల్పి, తరువాత పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాకు తరలించిన హిందుస్థాన్ మోటార్స్, బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా 1950ల చివరి నుంచి 2014 వరకు అంబాసిడర్ కారును తయారు చేసింది. దానిలో దీర్ఘకాలం వాడిన 1489 సి.సి. బి.ఎం.సి. ఇంజను ముందు ఒక్క వి-బెల్టు త్రికోణంగా తిరుగుతూ క్రాంకు పుల్లీని, నీటి పంపు-ఫ్యాను పుల్లీని, డైనమోను కలిపేది. డైనమో ఇరుసు బోల్టుల మీద ఊగేలా అమరి, చీలిక గల ఒక ఇనుప పట్టీతో బిగించబడి ఉండేది. ఆ బోల్టులు వదులు చేసి డైనమోను బయటికి లాగితే బెల్టు బిగుసుకుంటుంది, పొడవైన వైపున బొటనవేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు దిగితే బిగువు సరిపోయినట్లు లెక్క. ప్రభుత్వ వాహనంగా, టాక్సీగా ఈ కారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దశాబ్దాల పాటు తిరిగింది గనుక, హైదరాబాదు గ్యారేజీల నుంచి విజయవాడ ఆటోనగర్ షెడ్ల వరకు ఈ త్రికోణం మోటారు పని నేర్చుకునే కుర్రవానికి తొలి పాఠాలలో ఒకటైంది.

కారు ఎక్కువ కాలం బతికితే దాని భాగాలు ఒకే వయసువి కాకుండా పోతాయి. పుల్లీ వరుస తప్పడానికి పాత కార్లలో ముఖ్య కారణం ఇదే. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టినప్పుడు, పొడవైన సన్నని డైనమో కోసం పోతపోసిన బ్రాకెట్టు మీద పొట్టిగా లావుగా ఉండే కొత్త యంత్రం కూర్చోవాలి. దాని చెవులు వేరు, పుల్లీ ముందుకు వచ్చే దూరం వేరు. తరువాతి కాలంలో శీతలీకరణ కంప్రెసరును చేర్చితే దానికి చేసిన బ్రాకెట్టు మరో తేడాను తెస్తుంది. నీటి పంపు మార్చినప్పుడు దాని కడ్డీ మీద ఫ్లాంజి, అంటే పుల్లీని బిగించే బిళ్ల, అసలు లోతుకు ఎక్కకపోవచ్చు. ఇరుసు బోల్టుల రంధ్రాలు అదురుకు కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోతే యంత్రం బిగువుకు ఒరుగుతుంది. కొన్ని ఇంజన్లలో క్రాంకు పుల్లీ కేవలం పుల్లీ కాదు. 20వ శతాబ్ది తొలి దశకాలలో ఫ్రెడరిక్ లాంచెస్టర్ వంటి ఇంజనీర్లు క్రాంకుషాఫ్టు మెలి అదురును అణచడానికి చేసిన కృషి ఫలితంగా వచ్చిన డాంపరు కూడా అదే. తరువాతి డాంపర్లలో లోపలి బిళ్లకూ బయటి వలయానికీ మధ్య రబ్బరు ఉంటుంది. రబ్బరు పాతబడి వదిలితే బయటి వలయం మెల్లగా ముందుకు జరుగుతుంది, అప్పుడు మిగతా పుల్లీలన్నీ సరిగా ఉన్నా తప్పు వాటిదిలా కనిపిస్తుంది.

ఈ లోపాన్ని కనిపెట్టే పద్ధతి దశాబ్దాలుగా మారలేదు. ముందు తిరుగుతున్న బెల్టు లోపలి ముఖం మీద కొద్దిగా నీరు చిలకరిస్తారు. కీచు చప్పుడు కాసేపు తగ్గి మళ్లీ వస్తే వరుస తప్పినట్లు, పెరిగితే బిగువు చాలనట్లు గుర్తు. తరువాత ఇంజను ఆపి, బెల్టు తీసి, ఒక్కో పుల్లీని చేతితో తిప్పి చూస్తారు, ఎందుకంటే వంగిన పుల్లీ ఊగుడును వరుస తప్పుగా పొరబడితే పని అంతా వృథా. ఆ పైన ఒక పుల్లీ ముఖం మీదుగా రెండవ పుల్లీ ముఖం వరకు దారం లాగి పట్టినా, తిన్నని ఇనుప పట్టీ ఆనించినా, అది రెండు పుల్లీలనూ నాలుగు చోట్ల తాకాలి. ఒక పుల్లీని రెండు చోట్లా తాకి మరో పుల్లీకి రెండు అంచుల వద్దా సమానమైన సందు వస్తే అది ముందువెనుకల తేడా. ఒక అంచున తాకి మరో అంచున సందు వస్తే అది ఒరుగుడు. రెండు పుల్లీల అంచుల మందం వేరైతే ముఖాలను నమ్మరాదు, గాడుల నడుమ నుంచి కొలవాలి.

సవరణ లోపం రకాన్ని బట్టి ఉంటుంది, ఒక దాని మందు రెండవ దానికి పనికిరాదు. ముందువెనుకల తేడాకు పుల్లీ వెనుక గాని, బ్రాకెట్టుకూ ఇంజనుకూ మధ్య గాని తగిన మందం గల వాషరు వేస్తారు. అయితే పుల్లీ ముందుకు జరిగిన మేరకు కడ్డీ చివర నట్టుకు మర తగ్గిపోతుంది గనుక, నట్టు నిండా పట్టిందో లేదో చూడాలి. పుల్లీ లోపలికి పోవలసి ఉంటే బ్రాకెట్టు ముఖాన్ని లేతు మీద పెట్టి తీయిస్తారు. ఒరుగుడుకు మాత్రం బ్రాకెట్టు ఒక చెవి కింద సన్నని రేకు వేయడం, అరిగిన రంధ్రానికి కొత్త బుష్షు కొట్టడం, కాలం తీరిన బేరింగు మార్చడం అవసరం. బోల్టులు బిగించినప్పుడు బ్రాకెట్టు మెలికపడవచ్చు గనుక, బెల్టును అసలు బిగువుకు తెచ్చిన తరువాత మళ్లీ దారం పట్టి చూడడం మంచి పనివాని లక్షణం. తప్పు దారిలో అరిగిన పాత బెల్టు సరైన దారిలోనూ చప్పుడు చేస్తుంది కాబట్టి, వరుస కుదిరాక దానిని మార్చడం కూడా పనిలో భాగమే.

1979 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కారు ఇంజను మీద అనేక వి-బెల్టుల స్థానంలో ఒకే వెడల్పాటి పక్కటెముకల బెల్టు వచ్చింది. సన్నని వి-గాడులు అనేకం పక్కపక్కనే ఉండే ఈ బెల్టులో ఒక్కో పక్కటెముకకూ మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు. ఇది పాములా మెలికలు తిరుగుతూ అన్ని యంత్రాలనూ తిప్పుతుంది, స్ప్రింగు బిగువుదారు తనంతట తానే బిగువును చూసుకుంటుంది. బొటనవేలి కొలత అవసరం తీరింది గాని వరుస అవసరం పెరిగింది; ఈ బెల్టుకు అనుమతించే హద్దు వి-బెల్టు హద్దు కంటే చిన్నది, 300 మిల్లీమీటర్లకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. పైగా ఒక పుల్లీ తప్పితే ఆ ఒక్క యంత్రమే కాక, నీటి పంపు నుంచి స్టీరింగు వరకు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఈ అవసరం గాడిలో కూర్చునే లేజరు పరికరాలను తెచ్చింది, కాని అవి చూపేది కూడా దారం చూపిన గీతనే.

విద్యుత్ కార్లలో కంప్రెసరుకూ పంపుకూ సొంత మోటార్లు ఉంటాయి గనుక వాటితో ఇంజను ముందు తిరిగే బెల్టు అవసరం తీరిపోతోంది. అయితే పాత కార్లు రోడ్డు మీద ఉన్నంత కాలం, పిండిమరలూ పంపుసెట్లూ తిరిగినంత కాలం ఈ పని ఉంటుంది, దానిని మనసు పెట్టి నేర్చిన చేతులూ కావాలి. ఈ చరిత్ర పనివానికి ఇచ్చే పాఠం స్పష్టమైనది: చప్పుడు బెల్టుది, తప్పు తరచుగా అమరికది. అరిగిన బెల్టును మాత్రమే మార్చి పంపినవాడు అదే బండిని మళ్లీ చూస్తాడు. ముందు వరుసను చూసి, లోపం రకాన్ని తేల్చి, తగిన సవరణ చేసినవాడు బెల్టుకూ బేరింగుకూ బండి యజమానికీ ఒకేసారి మేలు చేస్తాడు. ఈ విచక్షణ ఇప్పటికీ ఎక్కువగా గురువు చేతి నుంచి శిష్యుని చేతికే అందుతోంది గనుక, దానిని తెలుగులో రాసి ఉంచడం, పని నేర్పే చోట పాఠంగా చెప్పడం ఆ వృత్తికి చేయదగిన న్యాయం.